కాళ్ళు ఆనని రాతి అరుగు

"ఏమ్మే దుర్గా, ఆ దేశంలో యాడన్నా గుడి కనపడితే నా పేర ఒగ దండం పెట్టుకోని రా. మా ఆంజి పేర ఇంగొకటి. మర్సిపోవద్దు."

యూరప్ ప్రయాణం ఖాయమైన రోజు సాయంత్రం, కువైట్‌లోని రుమైథియా ఇంటి వంటగదిలో ఉల్లిపాయలు తరుగుతూ పెద్దక్క అన్న మాట అది. అక్కడ ఉండేవి చర్చిలే తప్ప గుళ్ళు కావని సత్యదుర్గ మెల్లగా చెప్పి చూసింది. పెద్దక్క వినలేదు. ఎత్తుగా కట్టి, లోపల దీపం పెట్టి, మనిషి గొంతు తగ్గించి మాట్లాడే చోటు ఏదైనా తనకు గుడేనంది.

పెద్దక్క కడప వైపు మనిషి. ఆ ఇంట్లో వంట ఆమెది. కొడుకు ఆంజి అమ్ఘరాలో పాత ఇనుము యార్డులో పని చేస్తాడు. సత్యదుర్గది కోనసీమ. ఇరవై రెండేళ్ళ పిల్ల. ఇంటి పెద్దావిడను చూసుకోవడానికి నిరుడే కువైట్ వచ్చింది. ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే ముందు తల వంచుకుని, ఆ తర్వాత పలికే రకం. నలుగురిలో నిలబడి నాలుగు మాటలు చెప్పాల్సి వస్తే చెమటలు పట్టేసేవి.

పెద్దక్క కోరిక మాత్రం దుర్గకు వింతగా అనిపించలేదు. వాళ్ళ ఊళ్ళో ఎవరైనా అన్నవరమో, కాశీయో వెళుతున్నారంటే వీధిలో వాళ్ళంతా వచ్చి తమ పేరు, పిల్లల పేర్లు ఒప్పజెప్పి పోతారు. వెళ్ళినవాళ్ళు ఆ పేర్లన్నీ గుర్తు పెట్టుకుని అక్కడ పేరుకొక దణ్ణం పెడతారు. తిరిగొచ్చాక వెళ్ళలేనివాళ్ళను కూర్చోబెట్టుకుని, బండి ఎక్కిన దగ్గర నుంచి దిగిన దాకా అంతా చెబుతారు. అలా చెబితేనే ఆ యాత్ర పూర్తయినట్టు.

పెద్దావిడ ఆ ఇంటి యజమానురాలికి తల్లి. పనివాళ్ళు యజమానురాలిని మామా అంటారు కాబట్టి ఈవిడను పెద్దమామా అనేవారు. మోకాళ్ళు పోయి చక్రాల కుర్చీకి వచ్చింది. దుర్గ రెండు చేతులూ చంకల కింద వేసి లేపి నిలబెట్టినప్పుడు ఇద్దరి కళ్ళూ సరిగ్గా ఒకే ఎత్తుకు వచ్చేవి. "నా అంత మనిషివే నువ్వు, ఇంకా ఎదగాలి" అని పెద్దమామా ఏడిపించేది.

మోకాళ్ళ సంగతి ఎలా ఉన్నా, ఈ మధ్య ఆమెకు మతిమరుపు మొదలైంది. మనవడిని చనిపోయిన తమ్ముడి పేరుతో పిలిచింది. పాలు పొయ్యి మీద పెట్టి మరిచిపోయింది. ఇక అప్పటి నుంచి ఆమె ఏం చెప్పినా ఇంట్లోవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకోవడం అలవాటు చేసుకున్నారు. పాత సంగతులు చెప్పినా అంతే.

వాటిలో ఒకటి కోట సంగతి. వయసులో ఉన్నప్పుడు భర్తతో కలిసి ఫ్రాన్సు, జర్మనీ సరిహద్దులో ఒక కొండ మీది ఎర్రరాతి కోట ఎక్కిందట. పైన ఒక కిటికీలో కూర్చుందట. అక్కడి నుంచి రెండు దేశాల మధ్య పారే నది కనిపించిందట. ఆమె కొడుకు నాసర్ ప్రతి శుక్రవారం భోజనానికి వచ్చినప్పుడు ఈ కథ విని నవ్వేవాడు. చెడ్డవాడు కాదు. తల్లి చేతులు పట్టుకుని మరీ నవ్వేవాడు. ఆ ఏడు నేను నీ కడుపులో ఉన్నాను, ఎనిమిదో నెల, ఎవరైనా ఆ నెలలో కోటలెక్కుతారా యుమ్మా అనేవాడు.

తల్లికి ఈ యూరప్ ప్రయాణమే ఆఖరిదని కూడా అతనే తేల్చాడు. తిరిగొచ్చాక ఒక నర్సును పెట్టాలని, తల్లి నడుముకు వేలాడే తాళాల గుత్తి అక్కకు, అంటే మామాకు, అప్పగించాలని అనుకున్నారు. పక్క గదిలో అన్న ఆ మాటలు పెద్దమామా చెవిన పడ్డాయి. దుర్గ అప్పుడు ఆమె కాళ్ళకు నూనె రాస్తోంది. పెద్దమామా ఏడవలేదు. తాళాల గుత్తిని గట్టిగా పట్టుకుని, నన్ను ఆ కోటకు తీసుకెళ్ళమను, అంది.

అలా ఆగస్టులో నలుగురూ బయల్దేరారు. నాసర్, మామా, పెద్దమామా, దుర్గ. స్ట్రాస్‌బర్గ్ ఊళ్ళో ఒక ఫ్లాట్ అద్దెకు తీసుకున్నారు.

మొదటి సాయంత్రమే కారులో నది మీది వంతెన దాటారు. అటు జర్మనీ అని మామా చెప్పగానే దుర్గ చేతిసంచిలోంచి అందరి పాస్‌పోర్టులూ తీసి ఒళ్ళో పెట్టుకుంది. కువైట్‌లో ఇఖామా అనే నివాస కార్డు లేకుండా గుమ్మం దాటి ఎరగదు. ఇక్కడ అడిగేవాడే లేడు. వంతెన అయిపోయింది, దేశం మారిపోయింది. పిల్లలు సైకిళ్ళ మీద అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు వస్తున్నారు. వాళ్ళ ఊరి రేవులో పంటు ఎక్కి గోదావరి దాటడమే ఇంతకంటే పెద్ద ప్రయాణం. పాస్‌పోర్టులు మళ్ళీ సంచిలో పెట్టేస్తూ, ఇలా కూడా ఉండొచ్చన్నమాట, అనుకుంది దుర్గ. ఆ రాత్రి నిద్రలో కూడా ఆ వంతెన మీదే నడిచింది.

మర్నాడు పెద్ద చర్చి. వీధి మలుపు తిరిగేసరికి ఎదురుగా ఆకాశం కనిపించాల్సిన చోట రాయి కనిపించింది. తడిసిన ఇటుక రంగు రాయి. అడుగు జాగా వదలకుండా బొమ్మలు, తీగలు, సన్నని స్తంభాలు. తల ఎంత ఎత్తినా గోపురం చివర అందలేదు. ఒక పక్కే గోపురం ఉంది, రెండో పక్క ఖాళీగా వదిలేశారు. ఆ ఖాళీ కూడా అందంగానే ఉంది. ఈ రాళ్ళు చెక్కినవాళ్ళు ఎవరూ ఇది పూర్తవడం చూసి ఉండరని మామా చెప్పింది. తాత మొదలుపెట్టిన పువ్వును మనవడు పూర్తి చేసి ఉంటాడేమో అని దుర్గకు తోచింది.

లోపలికి కుర్చీ తోసుకెళ్ళే దారి ఉంది కానీ, పెద్దమామాకు ఎండలో కూర్చోవాలనిపించింది. నువ్వు చూసి రా అంది. దుర్గ మెట్ల దగ్గర చెప్పులు విడిచి, జతగా పక్కకు పెట్టి, లోపలికి వెళ్ళింది.

లోపల చల్లగా, చీకటిగా ఉంది. చాలా ఎత్తున రథచక్రమంత గుండ్రటి కిటికీ. దాని రంగు అద్దాల్లోంచి వెలుగు వచ్చి నేల మీద ఎర్రగా, నీలంగా పడుతోంది. ఆ రంగుల్ని తొక్కకుండా పక్క నుంచి నడిచింది. ఒక మూల ఇల్లంత గడియారం ఉంది. దాని పైన ఒక కోడిపుంజు బొమ్మ. మధ్యాహ్నం అది రెక్కలాడించి కూస్తుందని తర్వాత తెలిసింది. దీపాల దగ్గర నిలబడి పెద్దక్క పేర, ఆంజి పేర, వాళ్ళమ్మ పేర, వీధిలో గుర్తొచ్చిన ప్రతి ఒక్కరి పేరా ఒక్కో దణ్ణం పెట్టింది. పెద్దమామా పేర పెట్టొచ్చో లేదో తెలియక ఆగిపోయింది.

బయటకు వచ్చి చూస్తే చెప్పుల్లో నాణేలు ఉన్నాయి.

దూరం నుంచి పెద్దమామా పొట్ట పట్టుకుని నవ్వుతోంది. టోపీ పెట్టుకున్న ఒక పెద్దాయన ఆ చెప్పుల ముందు ఆగి, అటూ ఇటూ చూసి, పాపం ఎవరో అని జేబులోంచి తీసి వేశాడట. ఆమె అంతా చూస్తూనే ఉంది. మామాకు తల కొట్టేసినట్టయింది. ఇక్కడ ఎవరూ చెప్పులు విడవరు, తొడుక్కో, యల్లా, త్వరగా అని కసిరింది. దుర్గకు చెవులు వేడెక్కిపోయాయి. నాణేలు పట్టుకుని, చెప్పులు తొడుక్కోకుండానే పరుగున లోపలికి వెళ్ళి, వాటిని కొవ్వొత్తుల డబ్బాలో వేసి, ఒకటి వెలిగించింది. ఆ పెద్దాయన పేరు తెలియదు కాబట్టి, టోపీ తాతగారు అని మనసులో అనుకుంది.

తిరిగొచ్చి, సిగ్గు కాస్త తగ్గాక, మీ పేర కూడా దణ్ణం పెట్టమంటారా అని పెద్దమామాను అడిగింది. వాళ్ళ ఊరి పద్ధతి ఇదీ అని వచ్చిన అరబీ ముక్కలతో చెప్పింది. పెద్దమామా శ్రద్ధగా వింది.

"దణ్ణాలు మీ వాళ్ళ పేర పెట్టుకో. నా పేర మాత్రం ఒక చూపు చూడు. నేను వెళ్ళలేని చోటికి వెళ్ళి, నాకోసం చూసి రా."

దాంతో దుర్గ మళ్ళీ లోపలికి వెళ్ళింది. ఈసారి ఆగి ఆగి చూసింది. మొదటిసారి తన కోసం చూసినప్పుడు కనపడనివెన్నో, వేరే మనిషి కోసం చూసేసరికి కనపడ్డాయి. స్తంభం మొదట్లో ఎవరో చెక్కిన చిన్న మొహం, అరిగి గుంటపడిన మెట్టు, కొవ్వొత్తి పొగకు నల్లబడిన రాయి.

ఆ వారమంతా అదే పని. ఫ్రైబర్గ్‌లో వీధుల పక్కన రాతి కాలువల్లో నీళ్ళు గలగలా పారుతుంటే దుర్గకు ఇంటి వెనక పిల్లకాలువ గుర్తొచ్చింది. పట్నం నడిబొడ్డున పంటకాలువ లాంటిది పెట్టుకున్నవాళ్ళు ఎంత మంచివాళ్ళో అనుకుంది. అక్కడి చర్చి గోపురం రాతితోనే కట్టినా, తాటాకు బుట్ట అల్లినట్టు సందులు సందులుగా ఉంది. సందుల్లోంచి ఆకాశం కనిపిస్తోంది. గుమ్మం దగ్గర గోడ మీద గుండ్రంగా, కోలగా గీతలు చెక్కి ఉన్నాయి. అవి రొట్టెల కొలతలట. సంతలో కొన్న రొట్టె చిన్నదేమోనని అనుమానం వస్తే, తెచ్చి ఈ గోడకు ఆనించి చూసుకునేవారట. పెద్దమామా కుర్చీలోంచి వంగి ఆ గీత చుట్టూ వేలు తిప్పింది. గోడ కదా, మరిచిపోదు, అంది. ఎవరినీ ఉద్దేశించి అనలేదు. కానీ నాసర్ ఫోన్ చూడటం ఆపి తల తిప్పుకున్నాడు.

ఆఖరి రోజు కోట.

రాత్రి వాన కురిసి వెలిసింది. అడవిలో మెలికలు తిరుగుతూ కారు పైకెక్కింది. చెట్లు తొలగిన చోట కోట ఒక్కసారిగా కనిపించింది. కొండ కొనను ఎవరో చెక్కి కోట చేసినట్టుంది తప్ప, కొండ మీద కట్టినట్టు లేదు. ఎర్రటి గోడలు, వాటి మీద పచ్చటి నాచు, పైన కొనదేలిన కప్పులు. పెద్దమామా కిటికీ అద్దం దించమంది. చాలాసేపు చూసి, ఇదే అంది.

ద్వారం దాటాక అన్నీ మెట్లే. కుర్చీ పోయేది కాదు. మామా తల్లి దగ్గర ఉండిపోయింది. నాసర్ టిక్కెట్ ఒకటే కొని దుర్గ చేతిలో పెట్టాడు. పెద్దమామా దుర్గ మణికట్టు పట్టుకుంది.

"గోడ మందంలో తొలిచిన కిటికీ. అటూ ఇటూ ఎదురెదురుగా రెండు రాతి అరుగులు. ఒకదాని మీద నేను కూర్చున్నాను. నా కాళ్ళు నేలకు ఆనలేదు. అక్కడి నుంచి నది చూశాను."

కోటన్నాక అలాంటి కిటికీలు బోలెడుంటాయి యుమ్మా, అన్నాడు నాసర్ మెత్తగా.

దుర్గ ఎక్కింది. మెట్లు గుండ్రంగా తిరుగుతూ, మనిషి భుజాలు గోడలకు రాసుకునేంత ఇరుకు. ఒక గదిలో గోడల నిండా జింక కొమ్ములు. ఒక గదిలో కప్పు మీద రెక్కలు విప్పిన పెద్ద గద్ద బొమ్మ. పచ్చటి పింగాణీ పలకలు అతికించిన పొయ్యి ఒకటి ఏనుగు పిల్లంత ఉంది. చలికాలంలో దాని చుట్టూ ఎవరెవరు చేరి ఏమేం మాట్లాడుకునేవారో అని నిలబడిపోయి, పని గుర్తొచ్చి కదిలింది.

నాసర్ అన్నది నిజమే. అరుగులున్న కిటికీలు చాలా ఉన్నాయి. ఏది పెద్దమామా కూర్చున్నదో ఎలా తెలుస్తుంది? గది మధ్యలో నిలబడి ఆలోచిస్తే ఒకటే దారి తోచింది. ఇద్దరి పొడవూ ఒకటే కదా. కాపలా ఉన్నావిడకు అరుగు చూపించి, కూర్చోనా అన్నట్టు సైగ చేసింది. ఆవిడ నవ్వి తల ఊపింది.

మొదటి అరుగు మీద కూర్చుంటే పాదాలు నేలకు ఆనాయి. రెండోదాని మీదా ఆనాయి. పక్క గదిలోవీ అంతే. వచ్చేపోయేవాళ్ళు ఈ పిల్ల ప్రతి కిటికీలోనూ కూర్చుని కాళ్ళు చూసుకోవడం వింతగా చూస్తున్నారు. మామూలుగా అయితే దుర్గ ఆ చూపులకే కిందికి దిగిపోయేది. ఆ రోజు వేరే మనిషి పేర వచ్చింది కాబట్టి సిగ్గు కూడా తనది కాదనిపించింది. ఇంకో మెలికల మెట్లెక్కి, చివర ఒక చిన్న గదిలోకి వెళ్ళింది. అక్కడి అరుగు ఎక్కి కూర్చుంది. కాళ్ళు గాలిలో వేలాడాయి.

కిటికీలోంచి చూసింది. కింద అడవి, అడవి కింద ద్రాక్షతోటలు, ఎర్ర కప్పుల ఊళ్ళు, ఊరికొక సూది లాంటి చర్చి గోపురం. ఆ తర్వాత పరుపు పరిచినట్టు మైదానం. ఎక్కడో చివర నీలంగా కొండల వరస, అది అవతలి దేశం. ఇంత భూమిని ఒకేసారి దుర్గ ఎన్నడూ చూడలేదు.

నది మాత్రం లేదు.

కళ్ళు చికిలించి చూసింది. మైదానం చివర, కొండలకు ఇవతల, ఒక తెల్లటి గీత ఉంది. నీళ్ళ మెరుపు కాదు. పొగమంచులా, నేలకు దగ్గరగా, ఆ చివర నుంచి ఈ చివరకు. చలికాలం పొద్దున లంకలో కూడా గోదావరి కనపడదు, దాని మీద ఇలాగే తెల్లగా నిలబడి ఉంటుంది. కానీ అది గోదావరి. ఊరివాళ్ళకు అదెక్కడుందో ముందే తెలుసు. ఇక్కడ ఇది నదేనని ఎలా చెప్పడం? ఎదురుచూసింది. గీత విడలేదు. ఫోన్‌తో తీస్తే కిటికీ అంతా వట్టి తెల్లటి వెలుగుగా వచ్చింది. కాళ్ళ ఫొటో కూడా ఒకటి తీసుకుని దిగింది.

కింద పెద్దమామా దూరం నుంచే అరచెయ్యి చూపించి ఆపేసింది. "ఇక్కడ చెప్పకు. ఇంటికెళ్ళాక, అందరూ ఉన్నప్పుడు చెబుదువు. ఇప్పుడు నాకు చెబితే, రేపు నేనే నేర్పించానంటారు."

కువైట్ వచ్చాక శుక్రవారం దాకా దుర్గకు అన్నం సయించలేదు. ఆ మధ్యాహ్నం భోజనాలయ్యాయి. హాల్లో నాసర్, మామా, పెద్దమామా టీ కోసం చూస్తున్నారు. వంటగదిలో పెద్దక్క గ్లాసులు పళ్ళెంలో సర్దుతూ, సంగతంతా విని, పెదవి విరిచింది.

"సూసినా అని సెప్పు. ఒగ మాట. ముసలామె పానం కుదుటపడుతాది. ఖలాస్. నది యాడికి పోతాది, ఆడనే గదా ఉండేది."

"మీ పేర దణ్ణం పెట్టకుండా పెట్టానని చెబితే మీరు ఊరుకుంటారేటండి పెద్దక్కా?"

పెద్దక్క చెయ్యి ఆగింది. "ఊరుకుంటానా? సంపుతా."

"ఇదీ అంతేనండి. ఆవిడ పేర చూసిన చూపు."

పెద్దక్క గ్లాసుల్లో టీ పోసింది. పళ్ళెం దుర్గ చేతికిచ్చి, వెనకాలే వచ్చి హాలు గుమ్మంలో నిలబడింది.

టీలు ఇచ్చాక పెద్దమామా ఇప్పుడు చెప్పు అంది. తాళాల గుత్తి ఆమె ఒళ్ళోనే ఉంది. దుర్గ గొంతు ముందు పైకి రాలేదు. గట్టిగా చెప్పమని మామా అంది. గుండ్రటి మెట్ల సంగతి, అరుగులన్నీ కూర్చుని చూసిన సంగతి చెప్పింది. చివరి గదిలో కాళ్ళు ఆనలేదంటూ ఫోన్‌లో వేలాడే తన కాళ్ళ ఫొటో చూపించింది. నాసర్ ఫోన్ అందుకుని కాసేపు చూశాడు. అతని కనుబొమలు కొంచెం పైకి లేచాయి.

"మరి నది?" అన్నాడు.

దుర్గ పెద్దమామా వైపు చూడలేకపోయింది. తివాచీ వైపు చూసింది.

"నది నేను చూడలేదు. చాలాసేపు ఉన్నాను. కనపడలేదు."

మామా నిట్టూర్చింది. నాసర్ ఫోన్ వెనక్కి ఇచ్చేశాడు. అతని మొహంలో గెలిచిన సంతోషం లేదు, జాలే ఉంది. అది ఇంకా కష్టంగా తోచి, దుర్గ మిగిలింది కూడా చెప్పేసింది. మైదానం చివర ఒక తెల్లటి గీత ఉందని, పొగమంచులా ఉందని, అది నదో కాదో తనకు తెలియదని, అందుకే చూశానని అనలేనని.

పెద్దమామా టీ గ్లాసు కింద పెట్టింది. 

"నేనూ అదే చూశాను," అంది. "తెల్లగా. నదేదీ, నాకు కనపడటం లేదే అని అడిగాను. మీ నాన్న ఎదురు అరుగు మీద కూర్చుని, ఆ తెల్లదే నది, దాని ఊపిరి అది, అన్నాడు. నేను నమ్మాను. అప్పటి నుంచి నది చూశాననే చెబుతున్నాను."

 నాసర్ తల్లిని, దుర్గను మార్చి మార్చి చూశాడు. పెద్దావిడను సంతోషపెట్టాలనుకునే మనిషైతే నది చూశాననే చెప్పేది కదా అని అతనికి తట్టినట్టుంది. మామా మెల్లగా, ఈ గీత సంగతి మాకెప్పుడూ చెప్పలేదే యుమ్మా అంది. మీరెప్పుడూ నదిని దాటి వినలేదు, అంది పెద్దమామా.

"ఎనిమిదో నెలలో ఆ మెట్లన్నీ ఎలా ఎక్కావు?" అన్నాడు నాసర్. ఈసారి నవ్వుతూ కాదు, తెలుసుకోవాలని అడిగాడు.

"మీ నాన్న వెనక నుంచి తోశాడు. లోపలి నుంచి నువ్వు తన్నావు."

మామా పకపకా నవ్వింది. నాసర్ లేచి వచ్చి తల్లి కుర్చీ పక్కన నేల మీద కూర్చున్నాడు. ఒళ్ళో ఉన్న తాళాల గుత్తిని తీసుకున్నాడు.  అతను దాన్ని తల్లి నడుము పట్టీకి మళ్ళీ తగిలించి, సరిగ్గా ఉందో లేదో లాగి చూశాడు.

"ఆ గది ఎటు వైపు?" అని దుర్గను అడిగాడు. "ఎండాకాలం వస్తే నేను ఎక్కుతాను. ఎదురు అరుగు మీద కూర్చుంటాను."

"ముందు కూర్చుని విను," అంది పెద్దమామా కొడుకుతో. దుర్గ వైపు తిరిగి, "మొదటి నుంచి చెప్పు. వంతెన దగ్గర నుంచి. ఆ చెప్పుల సంగతి వదలకు" అంది.

దుర్గ తివాచీ అంచున కూర్చుంది. గుమ్మంలో నిలబడ్డ పెద్దక్క కూడా, తన దండం ఏ చోట పడిందో వినాలని, చెంగుతో చేతులు తుడుచుకుంటూ అక్కడే చతికిలబడింది. ఆ సాయంత్రం టీలు రెండుసార్లు చల్లారాయి. దుర్గను గట్టిగా చెప్పమని మళ్ళీ ఎవరూ అడగాల్సిన పని పడలేదు.